డ్యాష్‌బోర్డులో జోలపాట

ఊళ్లో అన్ని కార్లలాగే తమ కారుకీ గొంతు పెట్టించాడు హిమజ మొగుడు. డ్యాష్‌బోర్డు లోపల దాక్కుని, అచ్చం హిమజలాగే జోల పాడుతుందది. ఇప్పుడు వాళ్ల పాప హిమజ ఒళ్లో ఏడుస్తుంది, కారెక్కితేనే నిద్రపోతుంది.

హిమజ పాపను ఎక్కించుకుని కారును మెకానిక్ షెడ్డుకు తోలుకెళ్లింది. "పీకెయ్ మస్తాన్!"

"కనపడకుండా పెట్టానక్కా. డ్యాష్‌బోర్డు కొయ్యాలి. అన్న నన్ను చంపేస్తాడు."

"కొయ్యి. నా గొంతు నన్నడిగే తీసుకున్నారా?"

"బాగుచేశా కదక్కా. దగ్గులూ తప్పులూ తీసేశా."

శెనగగింజంత స్పీకరు బయటికొచ్చింది, పాట ఆగింది. పాప గుక్కపట్టి ఏడ్చింది. హిమజ ఎత్తుకుని దగ్గుతూ, చరణం తప్పుతూ పాడింది. పాప ఆమె నోటికి చెయ్యి అడ్డంపెట్టి, డ్యాష్‌బోర్డు కన్నంవైపు తిరిగి "అమ్మా" అంది.

కన్నం మూయడానికి మస్తాన్ పలక అందుకున్నాడు.

"ముయ్యకు," అంది హిమజ. "మీ అన్న రోజూ దీన్ని చూస్తూనే బండి నడపాలి."