నర్సింహులన్న పరీక్షలు

అక్షరాలు పెద్ద వయసులో నేర్చినదాన్ని. రాత తప్పులుంటే, కథ నెమ్మదిగా నడిస్తే మన్నించాలి.

“ఒక్కసారి నా ప్రోగ్రామ్ సూడన్నా,” అని భూదేవి మళ్లీ అడిగింది.

నర్సింహులు కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు. “నన్నడుగుడెందుకు? పరీక్షనడుగు. నడిపి, ఏమొచ్చిందో సదువు.”

“అయితే జీతం గూడ పరీక్షకే ఇయ్యమను,” అని ఆమె గొణిగింది.

అది ఎనభై ఆరో సంవత్సరం. బొంబాయి దాదర్‌లోని ఆ చిన్న కంప్యూటర్ ఆఫీసులో మందుల గోదాముకు ప్రోగ్రామ్ తయారవుతోంది. నేర్పేది నర్సింహులు, నేర్చుకునేది భూదేవి. ఆ నెలలో ఆఫీసు సేఠు ఆమె ఉద్యోగం పక్కా చేయకపోతే అది పోయినట్టే.

నర్సింహులుది ఒకటే పద్ధతి. ప్రోగ్రామ్‌లో మందు గడువు తేదీ చూసే ముక్క రాస్తే, మిగతావాటితో కలపకముందే దానికొక చిన్న పరీక్ష రాయాలి. ఏ జవాబు రావాలో ముందే చెప్పుకోవాలి. ఎక్కడ ఒక్క వరుస మార్చినా పాత పరీక్షలన్నీ మళ్లీ నడిపి, ఫలితం గట్టిగా చదవాలి. పొద్దున రాగానే అదే, సాయంత్రం లేచే ముందూ అదే.

తన మీద నమ్మకం లేదని భూదేవి ఉడుక్కునేది. ఇద్దరి ఇళ్లూ కామాటిపురలోనే. బస్టాపులో బస్సు నంబరు కూడా ఆమెనే చదవమనేవాడు. మరాఠీ అంకెలు వచ్చో రావో చూస్తున్నాడని పళ్లు కొరికేది.

ఒకనాడు జ్వరమొచ్చి నర్సింహులు రాలేదు. గడువు చూసే ముక్క ఆ పూటే మార్చి ఇవ్వాలని సేఠు తొందరపెట్టాడు. భూదేవి మార్చింది. బాగానే నడిచింది. ఇచ్చేయబోయి, అలవాటు కొద్దీ పాత పరీక్షలు నడిపింది. ఒకటి తప్పింది. గడువు దాటిన మందును ప్రోగ్రామ్ మంచిదంటోంది.

ఇలాగే ఇస్తే ఆ మందు ఎవరి నోట్లోనో పడుతుందని చెప్పి, కసురుకుంటున్న సేఠును ఆపింది. తప్పు దిద్దింది. పరీక్షలన్నీ నెగ్గాక అప్పగించింది. సాయంత్రం సేఠు ఆమెను పక్కా చేశాడు.

మిఠాయి పొట్లంతో ఆమె నేరుగా నర్సింహులు ఉండే ఒంటిగదుల చాలీకి వెళ్లింది. అతను నిద్రలో ఉన్నాడు. తలుపు తీసింది అతని తల్లి పెంటమ్మ.

“నేను పక్కా అయిన పెద్దమ్మా. గని అన్న ఒక్కనాడు నా రాత దిక్కు సూడలే. నేనంటే గంత అలుసా?”

పెంటమ్మ ఆమెను లోపలికి తీసుకుని, తలుపు మూసి, గొంతు తగ్గించింది.

“వానికి సూపు ఆనక ఏడాదాయె, బిడ్డా.”

— పెంటమ్మ, డెబ్బై ఆరేళ్లు, ఇప్పుడు ఉండేది నాగ్‌పాడా