ట్యాంకుకి ఎడమ పక్క

“తుప్పు ఎక్కువైంది” అన్నాడు పెద్దాయన.

బొమ్మలాయన చేతిలోని కుంచె బల్లమీద పడేసి మెడ వెనక్కి వాల్చాడు. పొద్దుటినుంచీ వంచిన మెడ కలుక్కుమంది. వీధిలో అందరూ అతన్ని బొమ్మలాయన అనే పిలుస్తారు. ఇళ్ళు కట్టేవాళ్ళకి అట్టతో నమూనా మేడలు చేసిపెట్టడం అతని బతుకుతెరువు. యుద్ధపు బళ్ళ బొమ్మలు చేయడం చిన్ననాటి పిచ్చి. ఇప్పుడా పిచ్చికీ ఓపిక అయిపోయింది. భూతద్దం పెట్టినా కళ్ళు మసకబారుతున్నాయి. ఇదే ఆఖరిదని భార్యకి మాటిచ్చాడు.

ఆ ఆఖరిది ఈ జానెడు ట్యాంకు. దాన్ని చేయించుకోవడానికి, ఒకప్పుడు యుద్ధానికి వెళ్ళొచ్చిన ఈ పెద్దాయన దొరికాడు.

“ఎండకీ వానకీ నిలబడిన బండి కదండీ, తుప్పు పట్టదా?”

“పట్టేదే. కానీ ఆ బండిమీది కుర్రాడొకడు ఊరుకునేవాడు కాదు. పొద్దున్నే గుడ్డ పట్టుకుని తుడిచేవాడు. చక్రాలమీది రేకు తళతళలాడుతూ ఉండేది.”

“ఈ మాట మొన్ననే చెప్పి ఉంటే నాకో పూట పని తప్పేది.”

“ఇప్పుడు చూస్తుంటే గుర్తొచ్చింది. ఏమనుకోకండి.”

ఏమనుకుంటాడు? వచ్చినప్పుడల్లా ఇదే వరస. పెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ ముక్కలు అతికించి రంగు వేస్తే సరిపోదట. దుకాణంలో దొరకనివన్నీ కావాలి. వెనకాల వేలాడే మసి కెటిల్‌ని రాగితీగ వంచి, పల్చటి రేకు చుట్టి చేశాడు. తాళ్ళతో కట్టిన చెక్కపెట్టె కోసం అగ్గిపుల్లలు చీల్చాడు. ఆరేసిన బనియన్ కోసం కాగితాన్ని జిగురులో ముంచాడు. స్పాంజిముక్కతో అద్ది రంగు పెచ్చులూడినట్టు చేశాడు, సుద్దపొడి చల్లి దుమ్ము పట్టించాడు. తీరా అంతా అయ్యాక పెద్దాయన గుమ్మందాకా వెనక్కి నడిచి, ఒక కన్ను మూసి, రెండో కంటితో నిదానంగా చూసేవాడు. కంట్లో శుక్లాలేమో పాపం అనుకునేవాడు బొమ్మలాయన.

“కెటిల్ ఇంకొంచెం కిందికి” అనేవాడు అక్కణ్ణుంచే.

కుంచె మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ బొమ్మలాయన అడిగాడు. “కుడిపక్క సంగతి అసలు చెప్పనే లేదు. అటేముండేది?”

“అటు తెలీదండీ.”

“మీ బండికి ఒక పక్క మీకు తెలీకపోవడమేంటండీ!”

పెద్దాయన తల దించుకున్నాడు. “ఎడమ పక్కా, పైకప్పూ బాగా గుర్తున్నాయి. అటేదో మీకు తోచింది చేసేయండి. ఎలాగూ గోడవైపు పెడతాను.”

బొమ్మలాయనకి విసుగు తన్నుకొచ్చింది. నోరు తెరవబోతుంటే టీ తెచ్చిన భార్య కళ్ళతోనే వద్దంది. గ్లాసు అందిస్తూ పెద్దాయన్ని పలకరించింది.

“బాబాయిగారూ, ఆ తుడిచే అబ్బాయి మీకు బాగా స్నేహమా?”

“స్నేహమంటే...” ఆయన గ్లాసుని రెండు చేతులా పట్టుకున్నాడు. “ఎడమ పక్కన చిన్న అద్దం తగిలించుకుని గడ్డం గీసుకునేవాడమ్మా. గీసుకుంటూ పాడేవాడు.”

“ఏం పాట?”

“వినపడేది కాదు. తల ఊగడమే కనపడేది.”

“ఇంజన్ల హోరు అలాంటిది మరి” అన్నాడు బొమ్మలాయన, తనేదో తోలి వచ్చినట్టు. అంతలోనే ఉలిక్కిపడ్డాడు. “అద్దమా? ఇన్నాళ్ళూ చెప్పలేదే!”

“చెప్పాలా వద్దా అనుకున్నాను.”

ఇక తప్పేదేముంది? వెండికాగితాన్ని బియ్యపుగింజంత కత్తిరించాడు. అతికించబోతే పట్టకారు జారి అది కాస్తా ఎగిరిపోయింది. ఆలుమగలిద్దరూ నేలమీద మోకాళ్ళమీద పాకి గదంతా గాలించారు.

“మీ మోచేతికే అంటుకుని ఉంది కదండీ!” అని ఆవిడ నవ్వలేక అక్కడే కూలబడింది. అతను మాత్రం నవ్వలేదు. ఊపిరి బిగబట్టి అద్దాన్ని ట్యాంకు పక్కన నిలబెట్టాకగానీ లేవలేదు.

పెద్దాయన మళ్ళీ వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. ఒక్కటే మిగిలిందనుకున్నాడు బొమ్మలాయన.

“గుండు తగిలి పేలిపోయిందన్నారుగా, ఎక్కడ తగిలిందో చెప్పండి. చిల్లు పెట్టి, చుట్టూ మసి పూస్తాను. చూసేవాళ్ళకి గుండె ఝల్లుమనాలి.”

“వద్దు!” ఆ గొంతు అంత గట్టిగా లేవడం అదే మొదలు. తర్వాత తగ్గింది. “వద్దండీ. ఆ పొద్దున దెబ్బ తగలకముందు ఎలా ఉందో అలా ఉండనివ్వండి.”

“మరి లోపలివాళ్ళంతా...?”

“ఒక్కరూ మిగల్లేదు.”

తన కళ్ళమంటా మెడనొప్పీ ఈ మనిషి మోస్తున్నదాని ముందు ఏపాటివి అనిపించింది బొమ్మలాయనకి. తోటివాళ్ళంతా పోయాక ఒక్కడే బతికి బయటపడటం ఎంత నరకమో! ఇన్నాళ్ళూ విసుక్కున్నందుకు సిగ్గేసింది. ట్యాంకుని రెండు చేతులమీదా ఎత్తి ఆయనకి అందించాడు.

పెద్దాయన ఈసారి గుమ్మందాకా నడవలేదు. కన్నూ మూయలేదు. వేలికొసతో ఆ అద్దాన్ని తాకీ తాకనట్టు తాకాడు.

“ఇంత దగ్గరగా...” అని ఆగిపోయాడు. కళ్ళు నిండాయి.

బొమ్మలాయన భార్య కుర్చీ జరిపి కూర్చోబెట్టింది. ఆయన మనసు మళ్ళించాలని ట్యాంకు పైకప్పు చూపించింది.

“ఇందులో మీరెక్కడ కూర్చునేవారు బాబాయిగారూ? ఇదిగో, ఈ మూత కిందేనా?”

“ఇందులో కాదమ్మా” అంటూ ఆయన ట్యాంకుని మెల్లగా బల్లమీద పెట్టి, రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాడు.

“ఎదురు కొండమీద, దీన్ని పేల్చేసిన ఫిరంగి వెనక.”