పది గంటల దూరం

“ఇంకా ఎంత ఆలస్యం, నాయనా?” కోడలితో వచ్చిన అత్తగారు విమానాశ్రయం కౌంటరులోని ఉద్యోగిని అడిగింది. మామగారు ఎక్కిన ఊరికీ ఈ ఊరికీ విమానంలో పది గంటల దూరం. ఆ విమానం బయలుదేరి పద్నాలుగు గంటలైంది.

“బోర్డు మీద ఆలస్యమనే ఉంది కదమ్మా.”

“దారిలో ఆగి టీ తాగి రావడానికి అదేమీ బస్సు కాదు. ఎన్ని గంటలకు సరిపడా ఇంధనం పోశారు?”

“పన్నెండు,” అనేసి అతడు నాలుక కరుచుకున్నాడు.

“అయితే ఇంకో ఊళ్లో దిగి ఉంటుంది, అత్తయ్యా,” అంది కోడలు ఆశగా.

“దిగి ఉంటే ఆ ఊరి పేరు చెప్పేవాడే, తల్లీ.”

అతడు లేచి వచ్చి పక్కగది తలుపు తెరిచాడు.

“లోపల కూర్చుందురుగాని, రండి.”

ప్రయాణికుల బంధువులందరికీ సరిపడా కుర్చీలు అక్కడ ఎప్పుడో వేసి ఉంచారు.