వీపు మీద చెయ్యి

“తువ్వాలు పైన పెట్టుకో. అడుగున పడితే బ్యాగంతా తిరగెయ్యాలి,” అంది హనుమాయమ్మ.

అక్షయ తువ్వాలు పైనే పెట్టి జిప్పు లాగింది. అయినా హనుమాయమ్మకు దడ తగ్గలేదు. ఇంట్లో ఎవరు బ్యాగు సర్దినా ఆవిడకంతే.

“అజిలిటీకి పదికి పది వేశారే. అంటే ఏంటి?” కూతురి ఖోఖో సెలక్షన్ కాగితం చూస్తూ అడిగింది రేణుక.

“చురుకు,” అంది హనుమాయమ్మ గబుక్కున. పాత కాగితాల కొట్లో కొన్న నిఘంటువుతో ఒక్కతే ఇంగ్లీషు నేర్చుకున్న మనిషి.

అక్షయ ఆ నిఘంటువే తీసింది. ఎప్పుడో తడిసి ఆరిన పేజీలు ఉబ్బి, ఒకదానికొకటి అంటుకున్నాయి. “చురుకుదనం. లాటిన్ నుంచి వచ్చిందంట. అక్కడ మూలానికి అర్థం తోలడం.”

“గొడ్లని తోలినట్టా?”

“అలాగే. చురుకు మన కాళ్ళలో ఉండదన్నమాట. వెనక ఎవరో తోలాలి.” అక్షయ నవ్వలేదు. “అందుకేనేమో అమ్మా, నాకు ఫౌళ్ళు. వెనకమ్మాయి తట్టి ‘ఖో’ అంటేనే లేవాలి. నాకు ముందే వీపు మీద చెయ్యి పడుద్ది. తడి చెయ్యి.”

రేణుక కాగితం మడిచింది. “నాలుగేళ్ళప్పుడు వరదలో అమ్మమ్మ అలా చరిచి ‘పరిగెత్తు’ అంటేనే కదే నువ్వు కరకట్ట ఎక్కింది. అది గుర్తుండిపోయింది నీకు.”

“ఈ క్యాంపులో ఇంకో ఫౌలైతే జట్టులోంచి తీసేస్తారు.”

హనుమాయమ్మ తలొంచుకుంది. పిల్ల ఎక్కడ వెనకబడిపోతుందోనని ఆవిడ భయం. అదింత పని చేసిందా.

“ఇక తట్టనులే తల్లీ,” అంది.

వీధిలో ఆటో హారన్ కొట్టింది.

“వెళ్ళొస్తానమ్మా,” అంది అక్షయ.

“మంగళగిరేగా, వారం. వెళ్ళిరా.”

ఆ మాట చెవిన పడ్డాక హనుమాయమ్మ ఊపిరి పీల్చుకుంది. వరద రోజు నిఘంటువు కోసం మళ్ళీ కట్ట దిగుతూ తను ‘వెళ్ళొస్తా’ అనలేదు.

గడపలో అక్షయ ఆగిపోయింది. వీపు కాస్త వంచి, దేనికోసమో చూస్తున్నట్టు. హనుమాయమ్మ చెయ్యి దానంతటదే లేచింది. ఆవిడ దాన్ని తడి కొంగులో బిగించి పట్టుకుంది.

కాసేపటికి పిల్ల తనంతట తనే అడుగేసింది.

2009 అక్టోబరు వరద నుంచి హనుమాయమ్మ తిరిగి రాలేదు.