ఎవరూ లేని లంక

సముద్రం నడుమ చిన్న ఇసుక లంక ఒకటి ఉండేది. మనుషులు పడవలో వచ్చి, దాని నడిబొడ్డున ఒక రాయి పాతి, "ఇక్కడ ఎవరూ లేరు" అని చెక్కి పోయారు. వాళ్ల కాళ్ల మధ్యనుంచే పీతలు పరుగెడుతున్నాయి. మనుషుల చూపు అంతే.

ఏళ్లు గడిచాక, అక్షరం ముక్క వచ్చిన కాకి ఒకటి వచ్చి ఆ రాతి నెత్తిన గూడు కట్టుకుంది. గుడ్లు పెట్టడానికొచ్చిన ముసలి తాబేలును అడ్డగించింది.

"ఎవరూ లేరని రాసుంది. కాబట్టి లంక నాది. నువ్వెవరివే?"

"నేను పుట్టిందిక్కడే. మా అమ్మ పుట్టిన ఒడ్డు ఇప్పుడు నీళ్లలో ఉంది. తుపాను వచ్చినప్పుడల్లా ఈ లంక ఉత్తరాన కోసుకుపోతుంది, దక్షిణాన ఇసుక మేట వేస్తుంది. నడుమ పాతిన రాయి దగ్గరికి అల ఎలా వచ్చిందో చూడు. గూడు మార్చుకో తల్లీ."

"రాయి ఎక్కడికి పోతుందే? చదువురాని మొద్దూ!"

తాబేలు దక్షిణపు కొసకు పాకి, గుంట తవ్వి, గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోయింది.

నెలన్నరకి తుపాను వచ్చింది. తెల్లారేసరికి రాయి లేదు, గూడూ లేదు. కాకి నీళ్ల మీద తిరుగుతూ ఏడ్చింది. "నా పిల్లలు! రెక్కలైనా రాలేదు!"

బొరియలోంచి పీత అడిగింది. "ఇక్కడ ఎవరూ లేరన్నావుగా కాకమ్మా. మరి పోయిందెవరు?"

అడిగిన పీత కూడా నవ్వలేదు.

మూడోనాడు దక్షిణపు ఇసుక కదిలింది. తాబేలు పిల్లలు ఒక్కొక్కటే సముద్రంలోకి నడిచాయి. వాటికి చదవడం రాదు. తిరిగి రావడం తెలుసు.