ఓటాకర్ గాలం

"ఇంకాస్త పైకి విసరరా," అన్నాడు బోహుష్.

ఓటాకర్ విసిరాడు. అతనికి చూపు లేదు. షుగర్ జబ్బు తినేసింది. కానీ నింఫ్‌తో ట్రౌట్ చేపను పట్టడానికి చూపెందుకు? పురుగు పిల్లలా కట్టిన ఆ బరువైన ఎర అడుగున రాళ్లను రాసుకుంటూ పోతుంటే, సంగతంతా దారం మీదుగా వేళ్లకు తెలుస్తుంది.

బోహుష్ నడుంలోతు నీళ్లలో పక్కనే నిలబడ్డాడు. స్నేహితుడు కాలు జారితే పట్టుకోవడానికని చెప్పాడు గానీ, అసలు పని వేరు. దారం తన ముందుకు రాగానే రెండు వేళ్లతో చటుక్కున లాగి వదిలాడు.

ఓటాకర్ గాలం కర్ర ఎత్తాడు.

"తగిలిందిరా. పోయింది."

"పోదా మరి? నువ్వు కర్ర ఎత్తేలోపు అది పెళ్లాడి పిల్లల్ని కూడా కనేసింది."

"నువ్వు జన్మలో పట్టినవాటికన్నా నేను వదిలేసినవే ఎక్కువ, పోరా."

ఏట్లో చేపలు లేవు.

ఏప్రిల్‌లో ఎగువ ఫ్యాక్టరీ తొట్టి పగిలి విషం దిగింది. ఈ ఏటి కాపలాదారు బోహుషే. భార్య పోయాక అతనికి మిగిలిన సంసారం ఆ చేపలే. తన చేతులతో పెంచి వదిలిన ట్రౌట్లన్నీ తెల్లటి పొట్టలతో తేలి వస్తుంటే, గంపలకెత్తి తనే పూడ్చాడు. అడుగున పురుగు కూడా మిగల్లేదు. మళ్లీ ఇక్కడ చేప తిరిగేసరికి తను ఉండడని అతనికి తెలుసు.

ఓటాకర్‌కి మాత్రం ఈ సంగతి చెప్పనివ్వలేదు. బీరు దుకాణంలో అందరి చేతా ఒట్టు వేయించుకున్నాడు.

చలికి బోహుష్ వేళ్లు కొంకర్లు పోయాయి. అయినా మళ్లీ లాగాడు. మళ్లీ పోయింది.

"రేపు వస్తావా?" అని అడిగాడు.

"రాక? దాని అంతు చూడొద్దూ?"

చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా దిగబెట్టి, బోహుష్ తన ఖాళీ ఇంటికి వెళ్లిపోయాడు.

కూతురు దనుష తండ్రి బూట్లు విప్పింది. ఆయన ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. దనుష ఇక ఆపుకోలేకపోయింది.

"రేపు వెళ్లొద్దు నాన్నా. ఆ ఏట్లో ఒక్క చేప కూడా లేదు. వసంతంలోనే అన్నీ చచ్చిపోయాయి. నీ దారం లాగుతున్నది బోహుష్ బాబాయి."

ఓటాకర్ తడుముకుంటూ ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"మొదటిరోజే తెలిసింది తల్లీ, పట్టుకోడానికి ఆ దారమైనా లేకపోతే, నీళ్లలోకి దిగిన మీ బాబాయి మళ్లీ గట్టెక్కడు."