ఒప్పించే పరీక్ష

“నాకేం రోగమమ్మా? గుండ్రాయిలా ఉన్నాను. నాకెందుకు నీ పరీక్ష?”

పరీక్షకురాలు కుర్చీలో వెనక్కి వాలి చేతులు కట్టుకుంది. రాతపరీక్ష అయిపోయింది. ఇక మిగిలింది అసలు ముక్క. ఇప్పుడు ఆవిడ ఈ వీధిలో ఉండే ఓ మొండి ఇల్లాలిగా నటిస్తుంది. ఎదురుగా కూర్చున్న నర్సు ఆవిణ్ణి మాటలతో ఒప్పించాలి.

ఆ నర్సును ఆరోగ్య కేంద్రంలో అందరూ వసపిట్ట అంటారు. ఇవాళ నెగ్గితే సోమవారం నుంచి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఇదే గదిలో తనే చేయొచ్చు. తప్పితే ఈ చుట్టుపక్కల ఆడవాళ్లు రెండు బస్సులు మారి పెద్దాసుపత్రికి పోవాలి. వాళ్లు పోరని వసపిట్టకు బాగా తెలుసు. అందుకే నడుం బిగించి వచ్చింది.

“రోగం లేనప్పుడే చేయించుకోవాలండీ. ఇది చెప్పాపెట్టకుండా ఏళ్ల తరబడి లోపల తయారవుతుంది. తయారవక ముందే పట్టుకుంటే అక్కడితో సరి.”

“ముట్లుడిగి రెండేళ్లయింది. ఇంకా ఎందుకు?”

“గర్భసంచి ఇంకా అక్కడే ఉందిగా! దానికి రిటైర్మెంటు ఎవరిచ్చారు?”

“తీరికేదీ? పొద్దున లేస్తే ఊళ్లు పట్టుకు తిరిగే ఉద్యోగం.”

ఇల్లాలికి ఊళ్లు తిరిగే ఉద్యోగమేమిటని నర్సుకు నవ్వొచ్చింది. ఆపుకుంది.

“జడ వేసుకునేంత సేపు పట్టదండీ.”

“సిగ్గు.”

“గడియ పెడతాను, తెర లాగుతాను. గదిలో ఉండేది మీరూ నేనూ.”

పరీక్షకురాలు కిటికీలోంచి బయటికి చూసింది. గొంతు తగ్గింది.

“మా అక్కకీ ఇలాగే పరీక్ష చేశారు. ఆర్నెల్లు తిరక్కుండానే పోయింది. అప్పట్నుంచి ఆ మాట వింటేనే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. నాకూ ఏదైనా బయటపడితే?”

ఇది శిక్షణ పుస్తకంలో లేని సాకు. గట్టి పిండమే అనుకుంది నర్సు. ఈసారి వెంటనే బదులివ్వకుండా కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

“అక్కయ్య ఎప్పుడు చేయించుకున్నారండీ?”

“రక్తం కనపడ్డం మొదలైన ఏడాదికి.”

“అయితే ఆవిణ్ణి మింగింది ఆ ఏడాదండీ. పరీక్షకేం పాపం తెలుసు? మీకు ఆ ఏడాది ఇంకా మొదలు కాలేదు. కానివ్వకండి. ఏదైనా కనపడితే మొదట్లోనే నయం చేయిస్తాం. పెద్దాసుపత్రికి నేను వెంట వస్తాను.”

పరీక్షకురాలు మార్కుల కాగితం ముందుకు లాక్కుని ఏదో రాసింది.

“నూటికి నూరు. సోమవారం నుంచి మొదలుపెట్టుకో.”

వసపిట్టకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అప్పటికప్పుడు కొత్త రిజిస్టరు తీసి స్కేలుతో గీతలు కొట్టడం మొదలుపెట్టింది.

“మేడమ్, ఆ అక్కయ్య కథ మాత్రం భలే అల్లారు! ఒక్క క్షణం నిజమే అనుకున్నాను.”

పరీక్షకురాలు నవ్వలేదు. పెన్నుకి మూత పెట్టి రిజిస్టరు వైపు చూసింది.

“మొదటి పేరు నాదే రాయమ్మా.”